మూడు క్లిప్పులు

శిరివెళ్ల దాటిన దగ్గర్నుంచీ కారు కింద ఏదో గీరుకుంటోంది. స్పీడు పెంచితే చప్పుడు పెరుగుతుంది, తగ్గిస్తే గొణుగుతుంది. పార్థు ఏసీ ఆపి, అద్దం దించి, చెవి బయటపెట్టి విన్నాడు. నంద్యాల స్టేషన్లో ఎక్కించుకున్న యాత్రికులు నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఏమీ కాదని వాళ్లకు చేత్తోనే సర్దిచెప్పాడు గాని, అతనికి ఒళ్లు మండిపోతోంది. నిన్న సాయంత్రమే కంపెనీ సర్వీసు సెంటరు నుంచి తెచ్చుకున్న బండి. స్టీరింగుకు వాళ్లు తొడిగిన పల్చటి ప్లాస్టిక్ తొడుగు ఇంకా తియ్యనే లేదు. కడిగారు, తుడిచారు, లోపల సెంటు కొట్టారు, 'అన్నీ చెక్ చేశాం సార్' అని నవ్వుతూ తాళం చేతిలో పెట్టారు. పైన మెరుపు చూసి మురిసిపోయేవాడికి కింద ఏముందో చూపించాల్సిన అవసరం ఎవరికుంది?

ఆళ్లగడ్డలో అహోబిలం రోడ్డుకు తిరగగానే, రెండు శిల్పాల షెడ్ల మధ్య రామయ్య షెడ్డు. షెడ్డంటే నాలుగు రేకులు, ఒక బల్ల, మేకులకు వరసగా వేలాడే పానాలు. కారును పైకి లేపే యంత్రం లేదు, కింద గొయ్యి లేదు. పగుళ్లొచ్చాయని పక్క షెడ్డు శిల్పి పడేసిన రెండు రాతి పీఠాలను ఏటవాలుగా చెక్కించుకుని, ముందు చక్రాలను వాటిమీదికి ఎక్కిస్తాడు. ఆ రెంటి మధ్య పరిచిన బేతంచెర్ల బండ మీద వెల్లకిలా పడుకుని పని చేస్తాడు. ఇన్నేళ్లుగా ఆయన వీపు రాసుకుని రాసుకుని ఆ బండ నున్నబడింది. అహోబిలం తిరిగే కార్లకూ జీపులకూ దారిలో ఏమొచ్చినా రామయ్యే దిక్కు.

"ఏం సామీ, నవ్వులాట లేదే ఈ పొద్దు?" అన్నాడు రామయ్య. పార్థు నాన్న రామానుజం గుళ్లో పాశురాలు చదివే మనిషి. ఆ ఇంటివాళ్లందరినీ రామయ్య సామీ అనే అంటాడు, అంటూనే నువ్వు అని చనువుగా మాట్లాడతాడు.

"కింద ఏందో గీరతాంది, చూడన్నా. నిన్ననే సర్వీసుకిచ్చినా."

రామయ్య కారును పీఠాల మీదికి ఎక్కించి, తలకు గుడ్డ చుట్టుకుని కిందికి దూరాడు. కాసేపటికి లోపల్నుంచి గొంతు వినబడింది.

"ఇంజను కింది కవరు జారింది సామీ. దీనికి పది బెజ్జాలుండాయి. క్లిప్పులు మూడే ఉండాయి. ఆ మూడిట్లో రెండు ఇరిగినాయి."

"నిన్ననే కదన్నా సర్వీసుకిచ్చింది."

"అందుకే. ఆయిలు మార్చల్లంటే ఈ కవరు దించల్ల. ఈ క్లిప్పు ఎట్లాంటిదంటే, ఒగసారి పీకితే మల్ల పట్టదు. పీకినోడు కొత్తది ఏయల్ల. వాళ్లు ఏయలే. ఉన్న మూడిటితో అంటించి పంపినారు."

పార్థు వంగి చూశాడు. వెడల్పాటి నల్లటి ప్లాస్టిక్ పలక, వెనక వైపు కిందికి వేలాడి రోడ్డుకు అరిగిపోయి ఉంది. పది లక్షల బండికి ఆధారం గోరంత ప్లాస్టిక్ ముక్కలు. అవి కూడా సరిగ్గా పెట్టని మనుషుల మీద అతనికి పట్టరాని కోపం వచ్చింది.

రామయ్య పాత సైకిల్ ట్యూబును గుండ్రంగా బిళ్లలు కత్తిరించాడు. ఒక్కో బోల్టుకు ఒక ఇనుప వాషరు, ఒక రబ్బరు బిళ్ల. బిగించే ముందు ప్రతి బెజ్జం అంచునూ బొటనవేలితో తడిమి చూశాడు. ఏడు బెజ్జాలకు బోల్టులు పట్టాయి. వెనక మూడు బెజ్జాల అంచులు చిరిగిపోయి ఉన్నాయి. అక్కడ ఇంటి పనులకు కమ్మీలు కట్టే బైండింగ్ వైరు మెలేసి కట్టాడు.

లేచి వీపు దులుపుకుంటూ అన్నాడు. "ముందరి బోల్టులు కదలవు. ఎనక వైరు మాత్రం రెండు దినాలకే కట్టినా సామీ. ఎల్లుండి లోపల రా. ఇనుప పట్టీ కత్తిరించి పెట్టింటా, కొట్టేస్తా. మర్సిపోవాకు."

ఊడదీసిన మూడు క్లిప్పులనూ ఒక పాలిథిన్ కవర్లో వేసి, రెండు ముళ్లు వేశాడు. ముందు తలుపు తెరిచి డాష్‌బోర్డు పెట్టెలో పెట్టాడు. అది ఆయన అలవాటు. కాలిపోయిన బల్బు తీసినా సరే, చెత్తలో వెయ్యడు. కవర్లో కట్టి బండిలోనే పెడతాడు.

"అది ఎందుకన్నా? పనికిరానివే కదా."

"నీ వస్తువు నీకాడ ఉండల్ల. రేపు ఎవడన్నా ఏమన్నా అంటే సూపీయడానికి ఉంటాది" అన్నాడు రామయ్య చేతులు కడుక్కుంటూ.

తర్వాత రెండు రోజులూ పార్థుకు ఊపిరాడలేదు. పొద్దున రైలుకు కొందరు, సాయంత్రం రైలుకు కొందరు. ఆళ్లగడ్డ మీదుగా ఆరుసార్లు పోయాడు, వచ్చాడు. పోయిన ప్రతిసారీ రామయ్య షెడ్డు కనిపించింది. ఒకసారి ఆయన బల్ల మీద ఉన్న ఇనుప పట్టీని ఎత్తి చూపించాడు కూడా. పార్థు హారను కొట్టి, వచ్చేటప్పుడు ఆగుతానని చెయ్యి ఊపాడు. వచ్చేటప్పుడూ ఊపాడు.

మూడో రోజు ఎక్కినవాళ్లు ముసలి దంపతులు. సాయంత్రం రైలుకే తిరుగు ప్రయాణం. రైలు ఆలస్యమై ఆళ్లగడ్డ చేరేసరికే పన్నెండు దాటింది. ఒంటిగంటకు గుడి మూస్తారు. మళ్లీ తెరిచేదాకా ఉంటే వాళ్లకు రైలు అందదు. పార్థు వేగం పెంచాడు. తాను తీసుకొచ్చిన మనుషులు మూసిన తలుపుకు దండం పెట్టుకుని పోవడం ఇంతవరకు జరగలేదని అతను నలుగురిలో గొప్పగా చెప్పుకుంటాడు. గుడివాళ్ల ఇంట్లో పుట్టినవాడికి వేళ తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుందని అతని ధీమా.

బాచేపల్లి దాటాక కింద టపటపమని కొట్టుకుంది. ఏదో విరిగి పైకెగిరిన చప్పుడు, ఆ వెంటనే సర్రుమని కోసుకుపోయిన చప్పుడు. ఏసీ చల్లదనం పోయింది. బ్యాటరీ గుర్తు వెలిగింది. కాస్త ఆగి, వేడి చూపే ముల్లు పైకి లేచి ఎర్రలైటు వెలిగింది.

ఆపాలి. ఆ సంగతి కారు నేర్చుకుంటున్నవాడికి కూడా తెలుసు. పార్థు గడియారం చూశాడు. పన్నెండున్నర దాటింది. వెనక పెద్దాయన కళ్లు మూసుకుని నామం చదువుకుంటున్నాడు. ఐదు కిలోమీటర్లే కదా అనుకున్నాడు పార్థు. ఏసీ ఆపేశాడు, అద్దాలు దించాడు, ఎర్రలైటు మీద నుంచి చూపు తిప్పుకున్నాడు.

వాళ్లకు దర్శనం దొరికింది. రామానుజమే లోపలి నుంచి చూసి చేయి పట్టుకుని ముందుకు తీసుకుపోయాడట. బయట కారు ముందు భాగం నుంచి ఆవిరి పొగలు పొగలుగా లేస్తోంది. దుకాణాలవాళ్లు బిందెలతో నీళ్లు తెచ్చారు గాని, దగ్గరికి పోవడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.

మరునాడు పొద్దునే లారీ మీద కారు నంద్యాల చేరింది. సర్వీసు మేనేజరు పవన్ అద్దాల గదిలో, ట్రేలో కొన్ని వస్తువులు పెట్టుకుని కూర్చున్నాడు. పీలికలైన నల్లటి బెల్టు, దాంట్లో ఇరుక్కున్న ప్లాస్టిక్ ముక్కలు, మెలితిరిగిన వైరు ముక్క. పక్క కుర్చీలో అర్చన కంప్యూటరు ముందు ఉంది. మొన్న కారు తాళం అతని చేతిలో పెట్టి నవ్వింది ఆమే.

"బెల్టు తెగింది, నీళ్ల పంపు ఆగింది, ఇంజిన్ హెడ్డు వంగింది" అన్నాడు పవన్. "బయట పని చేయించారు. వారంటీ రాదు సార్."

"మీరు క్లిప్పులు వేయలేదు. పదింటికి మూడే వేసి పంపినారు."

పవన్ అర్చన వైపు చూశాడు. ఆమె ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టింది. కింది కవరు, క్లిప్పులు పది, సరి చూడబడింది. ఎదురుగా టిక్కు. కాగితం మీదినుంచి ఆమె చెయ్యి వెంటనే తీసేసుకుంది.

కవర్లో ఉన్న మూడు క్లిప్పులు పార్థుకు గుర్తొచ్చాయి. కారు అవతలే ఉంది. నలభై అడుగులు నడిచి, పెట్టె తెరిచి, ఆ కవరు తెచ్చి ఈ కాగితం మీద పెడితే చాలు. లేవడానికి కుర్చీ చేతుల మీద బలం పెట్టాడు.

"ఇంకో మాట సార్" అన్నాడు పవన్, చాలా మెత్తగా. "ఎర్రలైటు వెలిగాక బండి ఎంత దూరం నడిచిందో బండిలోనే రికార్డవుతుంది. మీది ఐదు కిలోమీటర్ల పైన నడిచింది. నేను అది పైకి పంపితే, క్లిప్పులు పదున్నా వందున్నా మీకు ఏమీ రాదు. పంపాలని నాకూ లేదు. అట్లా కాదు, లోకల్ మెకానిక్ ఎవరో మీకు తెలియకుండా వైరు కట్టాడని ఒక లెటరు రాసివ్వండి. కస్టమరు తప్పు లేదని నేను రాస్తాను. మొత్తం కంపెనీయే చేసిస్తుంది."

పార్థు లేవలేదు. హెడ్డు మార్చాలంటే ఎంతవుతుందో అతనికి తెలుసు. ఎర్రలైటు సంగతి ఆళ్లగడ్డ దాకా పాకితే డ్రైవర్లందరూ ఏమంటారో కూడా తెలుసు. ఎల్లుండి లోపల రమ్మని, మరిచిపోవద్దని రామయ్య చెప్పిన మాట కూడా అప్పుడే గుర్తొచ్చింది. గుర్తొచ్చినకొద్దీ రామయ్య మీదే విచిత్రంగా కోపం వచ్చింది. అసలు ఆయన వైరు కట్టకుండా ఉండాల్సింది అనుకున్నాడు. తప్పు చేసినవాడికి ఎవరి మీద కోపం తెచ్చుకోవడం తేలికో వాళ్లే ముందు కనిపిస్తారు.

అర్చన పెన్ను ఇచ్చింది. తండ్రి పక్కన కూర్చుని పాశురాలు రాసి రాసి దిద్దుకున్న అక్షరం పార్థుది. ముత్యాల్లాగా ఉంటుందని అందరూ అంటారు. ఆ అక్షరంతోనే రాశాడు. నాకు తెలియకుండా, నా అనుమతి లేకుండా.

"మెకానిక్ పేరు, షెడ్డు ఎక్కడో కూడా రాయండి. లేకపోతే పైవాళ్లు ఒప్పుకోరు."

కాసేపు పెన్ను కాగితానికి ఆనించి ఉంచాడు. ఆ తర్వాత అదీ రాశాడు.

మూడో నాటికి అహోబిలం డ్రైవర్ల వాట్సాప్ గ్రూపులో సర్వీసు సెంటరువాళ్లు తీసిన ఆ ట్రే ఫోటో తిరిగింది. బెల్టు పీలికలు, వైరు ముక్క, కింద హెచ్చరిక. అహోబిలం రోడ్డు రామయ్య షెడ్డులో పని చేయిస్తే ఇంజను గతి ఇదీ అని. దానికి తోడు పార్థు రాసిన కాగితం ఫోటో కూడా ఉంది. ఆ అక్షరాన్ని గుర్తుపట్టనివాడు గ్రూపులో లేడు. ఒక్కొక్కరూ ఆశ్చర్యపోయిన బొమ్మలు పెట్టారు. ఇన్నాళ్లూ నమ్మినామే అని ఒకడు రాశాడు. మేలు చేసినావు పార్థూ, ముందే చెప్పినావు అని ఇంకొకడు రాశాడు. పార్థు ఏమీ రాయలేదు.

అతని భార్య రంజని ఫోను చూసి, పొయ్యి మీద గిన్నె దించి వచ్చింది. "ఈ రామయ్యేనా, పోయిన వానల్లో మనం రోడ్డు మీద ఇరుక్కుంటే గొడుగు కూడా లేకుండా వచ్చింది?"

"అప్పుడొచ్చినాడు. ఇప్పుడు తప్పు చేసినాడు."

"నీకు చెప్పకుండా కట్టినాడా?"

"నీకు ఈ బండ్ల సంగతి తెల్దులే" అన్నాడు పార్థు. రంజని ఫోను అతని చేతిలో పెట్టి పొయ్యి దగ్గరికి పోయింది. పిల్లలకు కూడా అబద్ధం ఇంతకన్నా బాగా చెప్పడం వచ్చని అతనికే అనిపించింది.

ఆ సాయంత్రం రామయ్యే ఫోను చేశాడు. ఆయన గొంతులో కోపం లేదు, దిగులు ఉంది.

"సామీ, ఫోటో సూసినా. అది వాళ్లు రాయించుకున్నారని నాకు తెలుసులే. ఒగ మాట అడుగుతా. ఆ కవరు సూపీయకపోతివా? క్లిప్పులు మూడే ఉన్యాయని తెలిసిపోతాండె కదా."

పార్థు పెరట్లోకి నడిచాడు. "ఆ కవరు లేదన్నా. బండి కడిగేటప్పుడు వాళ్లు యాడనో పారేసినారు."

"పారేసినారా." ఫోనులో శిల్పి ఉలి చప్పుడు దూరంగా వినిపించింది. "సరేలే సామీ. నువ్వు మాత్రం ఏం చేస్తావు."

తిట్టి ఉంటే పార్థుకు అన్నం సహించేది. ఆ ఒక్క మాటకు రాత్రి కంచం ముందు కూర్చుని లేచిపోయాడు.

కొన్నాళ్లకు కారు వచ్చింది. బాగా కడిగి, సెంటు కొట్టి, స్టీరింగుకు తొడుగు తొడిగి ఇచ్చారు. నంద్యాల దాటగానే పార్థు పక్కకు ఆపి డాష్‌బోర్డు పెట్టె తెరిచాడు. కుంకుమ పొట్లాలు, బండి కాగితాలు, వాటి వెనక ఆ కవరు. రెండు ముళ్లూ అలాగే ఉన్నాయి. ఎవరూ ముట్టుకోలేదు. కాలువలో పారేద్దామని తీశాడు. కాలువ దాకా నాలుగడుగులు కూడా లేదు. చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ఎందుకో మళ్లీ తెచ్చి, కాగితాల వెనక్కి తోసి పెట్టె మూశాడు. పారేస్తే అబద్ధం నిజమైపోతుందని భయపడ్డాడో, ఎప్పటికైనా చూపిస్తాననుకున్నాడో అతనికే తెలియదు.

ఆ మరునాడే కోయిలకుంట్ల నుంచి భారతమ్మ అనే పెద్దావిడ, ఆమె కోడలు ఎక్కారు. పెద్దావిడకు ముందు సీటిచ్చాడు. ఆళ్లగడ్డలో అహోబిలం రోడ్డు మలుపు దగ్గర స్పీడు బ్రేకరు ఉంది. ముందు చక్రాలు దిగగానే కింద ఏదో టక్కున ఊడి, రోడ్డు మీద గరగరమని ఈడ్చుకుంటూ వచ్చింది. పార్థు ప్రాణం ఉసూరుమంది. దేవుడికి కూడా ఇంకెక్కడా చోటు దొరకలేదు. కారు ఆగింది రామయ్య షెడ్డు ముందే.

షెడ్డులో ఒక్క బండి లేదు. పానాలన్నీ మేకులకు వరస తప్పకుండా ఉన్నాయి. పీఠాల మీద, వాటి మధ్య నున్నటి బండ మీద తెల్లటి రాతి దుమ్ము మందంగా పేరుకుని ఉంది. దాని మీద ఒక్క వీపు ఆనవాలు లేదు. రామయ్య బల్ల మీద కూర్చుని పక్క షెడ్డు శిల్పి చెక్కడం చూస్తున్నాడు.

పార్థు దిగాడు. "రామయ్యన్నా. మల్ల ఊడింది."

రామయ్య లేచి వచ్చి వంగి చూశాడు. "కంపెనీ పనే కదా."

"అవునన్నా. నిన్ననే ఇచ్చినారు."

"నేను ముట్టుకోనండీ. సామాన్లు ఇస్తా, మీరే బిగించుకోండి."

మీరు అన్నాడు. ఇన్నేళ్లలో రామయ్య నోట తనను ఉద్దేశించి ఆ మాట పార్థు వినలేదు. సామీ అనలేదన్న సంగతి తర్వాత తట్టింది. మొహం మీద కొట్టినా రామయ్య తనకు ఇంత దూరమయ్యేవాడు కాడు.

కారును పీఠాల మీదికి తనే ఎక్కించాడు. ఉతికిన తెల్ల చొక్కాతో ఆ దుమ్ములో పడుకుని కిందికి దూరాడు. రామయ్య నిలబడే పానా అందించాడు, బోల్టు, వాషరు, రబ్బరు బిళ్ల అందించాడు. పార్థుకు ఆయన పగిలిన మడమలు, అరిగిన చెప్పులు మాత్రమే కనిపిస్తున్నాయి. బెజ్జాలు లెక్కపెట్టాడు. పది. ఈసారి క్లిప్పులు నాలుగు. రెండు అప్పటికే విరిగి వేలాడుతున్నాయి. పనివాళ్లలో మార్పు లేదు, ఒక్క క్లిప్పు మాత్రం పెరిగింది.

"ఎడమ పక్క నుంచి మొదలుపెట్టండి. అది కాదు, ఇంకా ఎనక్కి. బిగించేముందు అంచు సూసుకోండి, చిరిగుంటే బోల్టు నిలవదు."

భారతమ్మ కోడలి చేయి పట్టుకుని దిగి నీడలోకి వచ్చింది. ఆమెకు ఈ వరస అర్థం కాలేదు. "ఏమప్పా, పని తెలిసినోడివి నిలబడి, డ్రైవరు చేత చేపిస్తాండావేంది?"

"కాగితం మీద నా పేరుండాదమ్మా" అన్నాడు రామయ్య. "నేను ముట్టుకుంటే ఇంజన్లు పోతాయంట."

కింద పార్థు చెయ్యి ఆగిపోయింది. నూనె చుక్క ఒకటి చెంప మీద పడింది. "రామయ్యన్నా, ఆ కాగితం..."

"ముందు బోల్టు బిగించండి. వదులుగా ఉంటే మల్ల ఊడుతాది."

పదో బోల్టు కూడా బిగిసింది. ఈసారి వైరు అక్కర్లేకపోయింది. చిరిగిన చోట వెయ్యడానికి రామయ్య బల్ల కింది నుంచి ఇనుప పట్టీ తీసి ఇచ్చాడు. ఆ రోజు ఎత్తి చూపించిందే. కొలతకు కత్తిరించి, బెజ్జాలు కొట్టి, తుప్పు పట్టకుండా నూనె పూసి ఉంది.

బండ మీద పడిన నాలుగు క్లిప్పులనూ రామయ్య ఏరాడు. పాలిథిన్ కవరు తీసి, అందులో వేసి, రెండు ముళ్లు వేశాడు. అంతా అలవాటు ప్రకారమే జరిగిపోతోంది. పార్థు కింద నుంచి మోచేతుల మీద పాకుతూ బయటికొచ్చాడు.

"నాకియ్యన్నా, నేను పెడతా."

అప్పటికే రామయ్య ముందు తలుపు తెరిచి వంగాడు. డాష్‌బోర్డు పెట్టె తెరిచాడు. కవరు పెట్టడానికి చోటు చేద్దామని కాగితాలు పక్కకు జరిపాడు. ఆ చెయ్యి అక్కడే నిలిచిపోయింది.

పాత కవరు బయటికి తీశాడు. ముడి విప్పలేదు. వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూశాడు. లోపల మూడు క్లిప్పులు. రెండు విరిగినవి. తను వేసిన రెండు ముళ్లు వేసినట్టే ఉన్నాయి. ముడి మీద బొటనవేలు పెట్టి తడిమాడు, బెజ్జం అంచు చూసుకున్నట్టే.

పార్థు ఒంటినిండా తెల్లటి దుమ్ముతో, చేతిలో పానాతో అలాగే నిలబడ్డాడు. రామయ్య అతని వైపు ఒక్కసారి కూడా తిరగలేదు. అడుగుతాడేమోనని పార్థు ఎదురుచూశాడు. ఒక్క మాట అడిగితే కాళ్ల మీద పడిపోదామనుకున్నాడు. ఆయన అడగలేదు.

పాత కవరును తీసిన చోటే పెట్టాడు. కొత్తదాన్ని దాని పక్కనే పెట్టాడు. పెట్టె మూసి, గొళ్లెం పడిందో లేదో రెండు వేళ్లతో నొక్కి చూశాడు. పార్థు చేతిలోంచి పానా తీసుకుని గుడ్డతో తుడిచి, దాని మేకుకు దాన్ని తగిలించాడు.

"బేగా ఎక్కండమ్మా" అన్నాడు భారతమ్మతో. "ఒంటిగంటకు గుడి మూస్తారు."

అహోబిలం చేరేదాకా కారు కింద చిన్న చప్పుడు కూడా రాలేదు.